హాస్టల్ నుంచి దసరాకు వచ్చిన అమ్మాయి: వయసు ప్రభావమా, వైద్యునికి చూపించాల్సిన సమస్యా?

ప్రశ్న: పల్నాడు ఉపాధ్యాయుడు

నేను పల్నాడు జిల్లాలో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడిని. ఊళ్లో కొంత మిర్చి సాగు కూడా ఉంది. మా అమ్మాయికి పదహారేళ్లు నిండాయి. పదో తరగతి మా మండలంలోనే చదివి మంచి మార్కులు తెచ్చుకుంది. డాక్టరు కావాలని తనే అన్నది కాబట్టి జూన్‌లో విజయవాడ దగ్గర ఒక రెసిడెన్షియల్ జూనియర్ కళాశాలలో, బైపీసీతో పాటు నీట్ శిక్షణ కూడా ఇచ్చే సెక్షన్‌లో చేర్చాం. మొదట్లో ఆదివారం ఫోన్ వస్తే గలగలా మాట్లాడేది. వినాయక చవితి దాటినప్పటి నుంచి మాటలు తగ్గాయి. ‘బాగానే ఉన్నాను, అమ్మకివ్వు’ అనడం, అమ్మ అందుకోగానే ‘వెనక లైన్‌లో ఉన్నారు’ అంటూ పెట్టేయడం మొదలైంది.

ఇప్పుడు దసరా సెలవులకు ఇంటికి వచ్చింది. పగలంతా పడుకుంటోంది, రాత్రి రెండింటి దాకా మేలుకునే ఉంటోంది. అన్నం కలుపుకుని నాలుగు ముద్దలు తిని లేచిపోతోంది. కడుపునొప్పి అంటే మా ఊరి ఆర్ఎంపీ గ్యాస్ మాత్రలిచ్చాడు. తమ్ముడు వచ్చి మంచం మీద కూర్చున్నా కసురుతోంది. వేసవిలో యూట్యూబ్ చూసి కుట్టుపని నేర్చుకుని, వాడి చొక్కాలకు తనే కాజాలు కుట్టిన పిల్ల, వచ్చినప్పటి నుంచి ఆ మిషన్ మీద కప్పిన గుడ్డ కూడా తీయలేదు. పక్క వీధి స్నేహితురాలు చూడటానికి వస్తే తలనొప్పిగా ఉందని చెప్పించి పంపేసింది. ఆమె సంచిలో వీక్లీ టెస్టుల మార్కుల చీటీలు కనిపించాయి. జులైలో ఉన్న మార్కులకూ సెప్టెంబరు మార్కులకూ పొంతన లేదు. మధ్యలో ఆమెను కింది సెక్షన్‌కు మార్చారని కూడా ఆ చీటీల వల్లే మాకు తెలిసింది.

క్యాంపస్ ఇన్‌ఛార్జిని అడిగితే, ‘మొదటి ఏడాది అందరూ ఇలాగే ఉంటారు సార్, తిరిగొచ్చాక సర్దుకుంటుంది’ అన్నారు. మా అన్నయ్యదీ అదే మాట, ఈ వయసు పిల్లలు ఇంతేనని. నా భార్య దిష్టి తీసింది. మొన్న రాత్రి మేమిద్దరం రెండో విడత ఫీజు సంగతి మాట్లాడుకుంటుంటే, లోపలి గదిలోంచి ‘నేను లేకపోతే మీకీ ఖర్చు ఉండేదే కాదుగా’ అన్నది. కోపంలో అన్నదని మేము ఊరుకున్నాం.

ఇది వయసుతో వచ్చి పోయేదా, ఎవరికైనా చూపించాల్సినదా అన్నది ఎలా తెలుసుకోవాలి? చూపించాలంటే ఎవరికి చూపించాలి? సెలవులయ్యాక హాస్టల్‌కు పంపవచ్చా? తెలిసినవారు చెప్పగలరని మనవి.

జవాబు: క్లినికల్ సైకాలజిస్ట్, విశాఖపట్నం

మాస్టారూ, మీరు అన్నిటికంటే చివర, దాదాపు పక్కమాటగా రాసిన వాక్యం దగ్గరే నేను మొదలుపెడతాను. ‘నేను లేకపోతే మీకీ ఖర్చు ఉండేదే కాదు’ అన్నది నిజంగా కోపంలో వచ్చిన మాటే కావచ్చు. అయితే తాను ఇంటికి భారమైపోయానన్న భావనకూ ఆత్మహత్య ఆలోచనలకూ దగ్గరి సంబంధం ఉంది కాబట్టి, ఆ మాటను విని వదిలేయకూడదు. ఈ రోజే, ఇంట్లో సందడి లేని సమయం చూసి, మీ ఇద్దరిలో ఆమెకు ఎక్కువ చనువున్నవారు ఆమె పక్కన కూర్చుని, ‘మొన్న ఖర్చు గురించి ఒక మాట అన్నావమ్మా, అది నా మనసులోనే ఉండిపోయింది. బతకాలని లేదని, చచ్చిపోతే బాగుండునని ఎప్పుడైనా అనిపించిందా?’ అని నేరుగా అడగండి. ‘అలాంటి పిచ్చి ఆలోచనలేవీ లేవు కదా?’ అని అడిగితే, ‘లేవు’ అన్న జవాబును మీరే ఆమె నోటికి అందించినట్టవుతుంది. అడగడం వల్ల లేని ఆలోచన పుడుతుందేమోనని తల్లిదండ్రులందరూ భయపడతారు. అలా జరగదని పరిశోధనలు చెబుతున్నాయి, మా అనుభవమూ అదే. చాలామంది పిల్లలు ఆ ప్రశ్న ఎవరో ఒకరు అడిగితే చెప్పుకుందామనే ఎదురుచూస్తూ ఉంటారు.

ఆమె అవునంటే తిట్టవద్దు, ఒట్టు వేయించుకోవద్దు, ‘మేమేం తక్కువ చేశాం’ అని ఏడవవద్దు. ఎప్పటి నుంచి అనిపిస్తోందో, ఎలాగో కూడా ఆలోచించిందో అడిగి తెలుసుకోండి, ఒంటరిగా ఉంచకండి, అదే రోజు వైద్యుల దగ్గరకు తీసుకువెళ్లండి. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరు ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు పడదు. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఈ సేవకు మీరూ ఫోన్ చేయవచ్చు, అమ్మాయీ చేయవచ్చు.

మిర్చి సాగు ఉందన్నారు కాబట్టి ఇంకొక మాట కూడా చెప్పాలి. ఇంట్లోనో కొట్టంలోనో పురుగుమందుల డబ్బాలు ఉంటే, అమ్మాయి అవునన్నా కాదన్నా, ఈ పూటే వాటిని ఇంటికి దూరంగా, తాళం వేయగలిగే చోటికి మార్చండి, తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి. పెద్దవాళ్ల బీపీ, షుగరు మాత్రల విషయంలోనూ అంతే జాగ్రత్త అవసరం. కౌమారంలో ఇటువంటి ఉద్వేగం చాలాసార్లు కాసేపట్లోనే ఉధృతమై కాసేపట్లోనే తగ్గుతుంది. ఆ కాస్త సమయంలో ప్రమాదకరమైనది చేతికి అందకపోవడమే ప్రాణం నిలుపుతుంది. శ్రీలంకలో అత్యంత విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించిన తర్వాత ఆత్మహత్య మరణాలు బాగా తగ్గిపోవడం ఇందుకు గట్టి రుజువు.

ఇక మీరు అడిగిన అసలు ప్రశ్న. పదమూడు, పద్నాలుగేళ్లు వచ్చేసరికి మెదడులో ఉద్వేగాలకు సంబంధించిన భాగాలు చురుగ్గా పనిచేయడం మొదలుపెడతాయి. ఆగి ఆలోచించడానికి, పర్యవసానాన్ని అంచనా వేయడానికి తోడ్పడే ముందుభాగం మాత్రం ఇరవై అయిదేళ్ల ప్రాంతం దాకా ఎదుగుతూనే ఉంటుంది. అందువల్ల తలుపు ధడాలున వేసుకోవడం, తల్లిదండ్రుల మాట చేదుగా తోచడం, చిన్న అవమానం కొండంతగా కనిపించడం ఈ వయసులో సహజమే. మీ అన్నయ్యగారి మాటలో ఆ మేరకు నిజం ఉంది. అయితే వయసు వల్ల వచ్చిన చిరాకు పిల్లల్ని అన్నిటి నుంచీ దూరం చేయదు. అమ్మతో గొడవపడిన పిల్ల అరగంట తర్వాత స్నేహితురాలితో పకపకా నవ్వుతుంది, చదువు మీద విసుగు పుట్టినా తనకిష్టమైన పని దగ్గర మాత్రం గంటలు మరిచిపోతుంది. మీ అమ్మాయి స్నేహితురాలినీ వద్దనుకుంది, కుట్టుమిషన్‌నూ ముట్టుకోలేదు. ఆదివారం ఫోన్‌లో మాటలు తగ్గడం, మార్కులు పడిపోవడం, ఆకలి మందగించడం కూడా కలిపి చూస్తే ఇది ఒక్క ఇంటికో ఒక్క కళాశాలకో పరిమితమైన విషయంగా లేదు, పైగా కొన్ని వారాలుగా సాగుతోంది. కుంగుబాటును నిర్ధారించడానికి మేము కనీసం రెండు వారాల వ్యవధిని చూస్తాం. పెద్దవాళ్లలో అది దిగులుగా కనిపిస్తే, పిల్లల్లో, కౌమారంలో చిరాకుగానే ఎక్కువ కనిపించవచ్చు, అందుకే దాన్ని పొగరనుకుని పొరబడతారు. మన పిల్లలు ‘మనసు బాగాలేదు’ అని అరుదుగా అంటారు, ‘కడుపునొప్పి’, ‘తలనొప్పి’ అంటారు. ఆ నొప్పి నటన కాదని కూడా గుర్తుంచుకోండి.

నిద్ర సంగతి వేరుగా చెప్పాలి. ఈ వయసులో నిద్ర ముంచుకొచ్చే వేళ శరీరధర్మం ప్రకారమే ఒకటి రెండు గంటలు ఆలస్యమవుతుంది, అయినా 13 నుంచి 18 ఏళ్ల వారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. తెల్లవారుజామున లేపి, రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్స్‌లో కూర్చోబెట్టే చోట అందులో ఎంత దొరుకుతుందో మీరే లెక్క వేయగలరు. కాబట్టి పగటి నిద్ర కొంత పాత బాకీ తీర్చుకోవడమే కావచ్చు. ఒక వారం పాటు ఎవరూ లేపకుండా నిద్రపోయాక ముఖం తేటపడి ఆకలి, ఆసక్తి తిరిగి వస్తే అలసట పాలు ఎక్కువని అనుకోవచ్చు. కంటినిండా నిద్రపోయినా ఏదీ మారకపోతే అది వేరే సంగతి. ఎలాగూ వైద్యుల దగ్గరకు వెళ్తారు కాబట్టి హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది, నీరసం, చిరాకు దానివల్ల కూడా వస్తాయి.

ఎవరికి చూపించాలంటే, మొదట మానసిక వైద్యునికి, అంటే సైకియాట్రిస్ట్‌కు. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో ఆ విభాగం ఉంది, మీకు దగ్గర కూడా. మాటల ద్వారా సాగే చికిత్స అవసరమైతే వారే సైకాలజిస్ట్ దగ్గరకు పంపిస్తారు. ప్రైవేటుగా వెళ్తే, క్లినికల్ సైకాలజిస్ట్‌కు భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) నమోదు ఉందో లేదో అడగడానికి మొహమాటపడవద్దు. కౌన్సెలర్ అన్న బోర్డు పెట్టుకోవడానికి మన దగ్గర పెద్ద అడ్డేమీ లేదు. ఆమెకున్నది కుంగుబాటేనని నేనిక్కడ తేల్చడం లేదు. పరీక్షించకుండా అది ఎవరూ తేల్చలేరు. చూపించాల్సిన స్థితి మాత్రం ఇదేనని నిస్సందేహంగా చెబుతున్నాను.

జవాబు: కడప పాఠకుడు

ఇంత దూరం ఆలోచించవలసిన అవసరం కనిపించడం లేదు. మేమూ కిరోసిన్ దీపాల కింద చదువుకున్నవాళ్లమే. ఫోన్ లాక్కుని, నాలుగు రోజులు గుళ్లూ గోపురాలూ తిప్పి పంపించండి. ఆడపిల్లను మానసిక వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లారన్న మాట ఊళ్లో పాకితే రేపు సంబంధాలు చూసేటప్పుడు ఇబ్బంది పడేది మీరే.

జవాబు: ఒక తల్లి, హైదరాబాద్

కడప సోదరులు చెప్పిన ఊరి మాటల భయం ఉత్తదేమీ కాదు, మా ఇంట్లోనూ పెద్దవాళ్లు ముందు అన్నది అదే. అయితే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాలను గోప్యంగా ఉంచడాన్ని హక్కుగా గుర్తించింది. ఆసుపత్రి వాళ్లు కళాశాలకో బంధువులకో చెప్పరు. ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో మానసిక విభాగం ఓపీ కూడా మిగతా ఓపీల వంటిదే, వరండాలో కూర్చున్నవారు ఏ జబ్బుకు వచ్చారని ఎవరూ అడగరు.

మా బాబుకు తొమ్మిదో తరగతిలో రోజూ ఉదయం బడి బస్సు వేళకు కడుపునొప్పి వచ్చేది, ఆదివారం వచ్చేది కాదు. స్కానింగ్‌లో ఏమీ కనిపించకపోవడంతో పిల్లల వైద్యురాలే మమ్మల్ని మానసిక వైద్యుల దగ్గరకు పంపారు. లోపల ఏం జరుగుతుందో తెలియకే చాలామంది వెనకాడతారు కాబట్టి రాస్తున్నాను. ముందు మా అందరితో కలిపి మాట్లాడారు, తర్వాత మమ్మల్ని బయట కూర్చోమని బాబుతో విడిగా చాలాసేపు మాట్లాడారు. వాడు చెప్పినదంతా మాకు చెప్పలేదు, ప్రాణానికి ప్రమాదమున్న విషయమైతే తప్ప చెప్పబోమని వాడి ఎదుటే అన్నారు. వాడు వాళ్లను నమ్మడానికి అదే కారణమైంది. బస్సు, క్లాసు గది, లెక్కల సారు, బోర్డు దగ్గరకు పిలవడం, వీటిలో దేనికి ఎంత భయం వేస్తుందో పదికి మార్కులు వేయమని ఒక చిన్న నోటు పుస్తకం ఇచ్చారు. తక్కువ మార్కులున్న దానితో మొదలుపెట్టి, వారానికొకటి చొప్పున ఎదుర్కోవడం నేర్పించారు. మందు కూడా కొంతకాలం వాడాం. అలవాటైపోతుందేమోనని అడిగితే, ఈ రకం మందుకు వ్యసనం ఉండదని, అయితే తగ్గింది కదా అని మనంతట మనం ఒక్కసారిగా ఆపకూడదని, మొదటి వారాల్లో ప్రవర్తనలో ఏ మార్పు కనిపించినా వెంటనే చెప్పాలని వివరించారు.

మాకు అప్పగించిన పనే మాకు ఎక్కువ కష్టమనిపించింది. రోజులో కొంతసేపు చదువు ప్రస్తావన లేకుండా వాడితో మాట్లాడాలన్నారు. ‘ఏం చదివావు’, ‘ఎన్నొచ్చాయి’ అన్నవి తీసేస్తే పిల్లలతో మాట్లాడటానికి మన దగ్గర ఎంత తక్కువ మిగిలి ఉంటుందో అప్పుడే తెలుస్తుంది. మాస్టారి ఇంట్లో కుట్టుమిషన్ ఉంది కదా, అమ్మాయిని కుట్టమనకుండా, వాళ్లమ్మగారే దాని ముందు కూర్చుని దారం ఎలా ఎక్కించాలో అడిగితే సరిపోతుంది.

జవాబు: జంతుశాస్త్ర అధ్యాపకుడు, ఒంగోలు

కార్పొరేట్ కళాశాలల్లో కొన్నేళ్లు పనిచేసి ఇప్పుడు ప్రభుత్వ జూనియర్ కళాశాలలో ఉన్నవాడిగా, సెక్షన్ మార్పు అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. బయటివారికి అది పరిపాలనా వ్యవహారంగా కనిపిస్తుంది. లోపల ఉన్న పిల్లకు గది మారుతుంది, పక్క మంచం మారుతుంది, చెప్పే లెక్చరర్లు మారతారు, జూన్ నుంచి కలిసి తిన్న నలుగురూ పై సెక్షన్‌లో ఉండిపోతారు. అదంతా గోడ మీద అంటించిన ర్యాంకుల జాబితా సాక్షిగా జరుగుతుంది. ఊళ్లో మొదటి ర్యాంకుగా వచ్చిన పిల్లలే దీనికి ఎక్కువ కుంగిపోతారు, ఎందుకంటే పదో తరగతి దాకా వాళ్ల గుర్తింపంతా ఆ ర్యాంకే. మీ అమ్మాయి ఆ విషయం మీకు చెప్పకపోవడంలో సిగ్గుతో పాటు, మీరు కట్టిన ఫీజు లెక్క కూడా ఉందని నా అనుమానం. మనం ‘నీ కోసమే ఇంత కష్టపడుతున్నాం’ అని ప్రేమతో అన్న మాటను పిల్లలు అప్పు పత్రంలా దాచుకుంటారు.

తల్లిదండ్రులు తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి నీట్ శిక్షణ పొందుతూ మరణించిన పదిహేడేళ్ల విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పు ఇస్తూ, విద్యాసంస్థలన్నిటికీ పదిహేను మార్గదర్శకాలు విధించింది. చట్టం వచ్చేదాకా అవి అమలులో ఉంటాయని కూడా చెప్పింది. వంద మంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన కౌన్సెలరో సైకాలజిస్టో సోషల్ వర్కరో కనీసం ఒకరు ఉండాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లుగా విడగొట్టడం, నలుగురిలో అవమానించడం వీలైనంత వరకు మానుకోవాలి. టెలీ మానస్ నంబరు హాస్టల్లో కనబడేలా రాసి ఉంచాలి. మీరు క్యాంపస్ ఇన్‌ఛార్జితో ఫోన్‌లో వాదించడం వల్ల ప్రయోజనం లేదు. ‘మీ కౌన్సెలర్ పేరు, అర్హత తెలియజేయండి, మా అమ్మాయిని ఏ ప్రాతిపదికన సెక్షన్ మార్చారో తెలియజేయండి’ అని ప్రిన్సిపాల్‌కు లిఖితపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. కాగితం మీద అడిగినప్పుడు వచ్చే జవాబు వేరుగా ఉంటుంది.

మానిపించాల్సి వస్తే ఏడాది పోతుందేమోనని భయపడవద్దు. బోర్డు సిలబస్ ఒక్కటే, మీ దగ్గరి ప్రభుత్వ జూనియర్ కళాశాలలోనూ అదే బైపీసీ. మొదటి ఏడాది మార్కులు తగ్గినా ఇంప్రూవ్‌మెంట్ రాసుకోవచ్చు. నీట్‌కు గరిష్ఠ వయసు నిబంధన లేదు, ఇన్నిసార్లే రాయాలన్న పరిమితి కూడా లేదు. అయితే సైకాలజిస్ట్ గారు కూడా ఒప్పుకుంటారనుకుంటాను, ఆమెను అడగకుండా మానిపిస్తే అది కూడా ఒక సెక్షన్ మార్పే అవుతుంది.

ప్రశ్న అడిగినవారు: పల్నాడు ఉపాధ్యాయుడు

అందరికీ కృతజ్ఞతలు. సైకాలజిస్ట్ గారు రాసిన మాటలనే వాళ్లమ్మ రాత్రి అడిగింది. కాసేపు మాట్లాడలేదు, తర్వాత అవునన్నది. సెక్షన్ మార్చిన రోజు నుంచి అప్పుడప్పుడు అనిపిస్తోందని, ఎలా అన్నది మాత్రం ఆలోచించలేదని చెప్పింది. ఫీజు రసీదులు ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకున్నదట. 14416కు నేను ఫోన్ చేస్తే ఒకామె ఓపిగ్గా విని, తర్వాత అమ్మాయితో కూడా మాట్లాడారు. మందు డబ్బాలు అన్నయ్య గోదాముకు చేర్చి తాళం వేశాం. అమ్మ ఆమె గదిలోనే పడుకుంటోంది. రేపు ఉదయం గుంటూరు వెళ్తున్నాం.

సోమవారంతో సెలవులు అయిపోతాయి. ఆ రోజుకు రాకపోతే హాజరు పోతుందని కళాశాల నుంచి సందేశం వచ్చింది. అమ్మాయి కూడా ‘వెళ్లకపోతే సిలబస్ పోతుంది’ అంటోంది, కానీ బట్టలు సర్దుకోమంటే ఏడుస్తోంది. ఏం చేయాలి?

జవాబు: క్లినికల్ సైకాలజిస్ట్, విశాఖపట్నం

సోమవారం పంపవద్దు. రేపు పరీక్షించిన వైద్యులు సరేననే దాకా ఆమె మీ కళ్లెదుటే ఉండటం మంచిది. ఎన్నాళ్లు విశ్రాంతి అవసరమో ఓపీ చీటీ మీద రాసివ్వమని వారినే అడగండి, జబ్బు పేరు లేకుండా ‘వైద్య కారణాలతో’ అని రాస్తే చాలు. ఆ చీటీ నకలు జతచేసి, అధ్యాపకులు చెప్పినట్టు ప్రిన్సిపాల్‌కు లేఖ పంపండి. దారిలోనో ఆసుపత్రిలోనో పరిస్థితి మారి, ‘ఎలా’ అన్న ఆలోచన కూడా వచ్చిందని ఆమె అంటే, ఓపీ వరుసలో నిలబడకుండా నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లండి.

అమ్మాయితో ఈ రాత్రే మీరు స్వయంగా చెప్పవలసినది ఒకటుంది. వెళ్లాలా, మానాలా అన్నది ఇప్పుడు తేల్చడం లేదని, నిద్ర, ఆకలి కుదుటపడ్డాక నీతో కలిసే తేల్చుకుంటామని, అప్పటిదాకా రెండో విడత ఫీజు కట్టడం లేదని చెప్పండి. ఫీజు సంగతి తప్పకుండా చెప్పండి, ఆమె లెక్కపెడుతున్నది దాన్నే. గుంటూరులో వైద్యులు ఆమెతో విడిగా మాట్లాడతామంటే మీరు బయటికి వచ్చేయండి. ఇంటికి వస్తూ దారిలో లోపల ఏం మాట్లాడావని అడగకండి.